గట్టు ఎటువైపు

వీధి తలుపు ఎవరో తట్టారు. మున్సామి టీవీ గొంతు తగ్గించి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. వంటింట్లో ఇందిరా ఆంటీ చేతిలో అప్పడాల కర్ర అలాగే ఆగిపోయింది. వాషింగ్ మెషీన్ వాడుకుందామని తాము అద్దెకుంటున్న పెరటి గదిలోంచి బట్టల బుట్టతో వచ్చిన మసూదాకి ఏం జరుగుతోందో తెలీదు. వాళ్ళిద్దర్నీ చూసి తనూ ఊపిరి బిగబట్టింది.

మున్సామి మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి కర్టెన్ అంచు కొద్దిగా జరిపి చూశాడు. వాడే, అని గుసగుసగా చెప్పాడు. వాడంటే పక్కింటి ఒసాగీ. నైజీరియా నుంచి వచ్చి, ఆసుపత్రిలో నర్సు పని చేస్తూ, నిరుడు ఆ ఇల్లు కొనుక్కున్న మనిషి. సిడ్నీ శివారు టూంగాబీలో ఆ వీధికి అదే చివరి ఇల్లు. దాని అవతల వాగు.

బయట మనిషి మళ్ళీ తట్టాడు. మర్యాదగా, వేళ్ళ కణుపులతో. మిస్టర్ సామీ అని పిలిచాడు. జవాబు రాకపోతే గుమ్మం ముందున్న కాళ్ళపట్టా మీద బూట్లు తుడుచుకున్నాడు, లోపలికి రమ్మన్నట్టే. మసూదాకి ఆ తుడుచుకోవడం కర్టెన్ సందులోంచి కనిపించింది. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. చేతిలో పార ఉంది.

తలుపెందుకు తియ్యలేదని ఆమె అడగలేదు, మున్సామే చెప్పాడు. వసంతంలో గాలివానకి రెండిళ్ళ మధ్య చెక్క ఫెన్స్ పడిపోయింది. గుంజలు మాత్రం అక్కడక్కడా పుచ్చిపోయిన పళ్ళలా నిలబడి ఉన్నాయి. దాని సంగతి మాట్లాడటానికి వచ్చుంటాడు. మాట్లాడితే మెత్తగా మాట్లాడతాడు, మెత్తగా మాట్లాడేవాళ్ళతోనే ప్రమాదం. తను పనిచేసే బ్రెడ్ ఫ్యాక్టరీకి మొన్న ఒక ఫ్యాక్స్ వచ్చిందట, ఎవరో యువరాజు మీ బ్యాంకు నంబరు చెప్పండి, మీకు నిధి పంపుతానని. అదీ ఆ దేశం నుంచే. మసూదా తలూపింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకుంది. అయినా ఇంట్లో ఉండి లేనట్టు కూర్చోవడం ఆమెకి రుచించలేదు. వరంగల్ మట్టెవాడలో వాళ్ళ ఇంటి తలుపు పగలు ఎన్నడూ మూసి ఉండేది కాదు.

మర్నాడు పొద్దున ఒసాగీ తవ్వడం మొదలుపెట్టాడు.

రాత్రి డ్యూటీ చేసి వచ్చి, ఎండ ఇళ్ళ కప్పుల మీదికి ఎక్కకముందే దిగేవాడు. ముందు రెండు కర్రలు పాతి దారం కట్టాడు. దారం వెంట గడ్డిని చదరాలుగా కోసి, వేర్లు పైకి వచ్చేలా నీడలో దొంతర పెట్టాడు. తర్వాత గునపం, ఆ తర్వాత పార. పసుపు కలిసిన ఎర్ర బంకమట్టి. పారతో ఎత్తిన మట్టినంతా ఒకే వైపు, పడిపోయిన ఫెన్స్ వైపు పోసేవాడు. కొంత పోగయ్యాక దాని మీదికెక్కి పార వీపుతో చరిచి, మడమలతో తొక్కి, వెనక్కి వచ్చి ఒక కన్ను మూసి చూసుకునేవాడు. తవ్వుతున్నది సన్నటి కాలవ. పోస్తున్నది దాని పక్కనే పొడుగ్గా ఒక గట్టు.

మసూదా రోజూ పొద్దున పూటంతా ఇంట్లోనే ఉండేది. ఆమెది మధ్యాహ్నం షిఫ్టు. పారమట్టాలో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో కంప్యూటర్ ప్రోగ్రాములు పరీక్షించే కాంట్రాక్టు. తేదీని ముందుకు తిప్పి, రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన ఏ తెర ఎలా తల్లకిందులవుతుందో చూడాలి. ఏడాది చివరి రెండంకెలు సున్నాలు కాగానే, నిన్నటిదాకా ముసలమ్మగా ఉన్న పాలసీదారు ఇవాళ ఇంకా పుట్టని పిల్ల అయిపోతుంది. అనుమానపడటమే ఆమె ఉద్యోగం. ప్రోగ్రాము ఏం చేస్తుందని రాసిన వాళ్ళు చెప్పినా నమ్మకూడదు, అది చేసేదేమిటో కళ్ళతో చూడాలి. డిసెంబరంతా సెలవులు రద్దు. పైగా రంజాను. డిసెంబరంటే ఇక్కడ నడి ఎండాకాలం, రాత్రి ఎనిమిది దాటితే గానీ పొద్దు గుంకని ఊళ్ళో ఉపవాసం. ఆఫీసు బల్ల దగ్గరే ఒక ఖర్జూరంతో విడిచేది.

మున్సామి టీ కప్పు పట్టుకుని వంటింటి కిటికీలో నిలబడేవాడు. ఫ్యాక్టరీకి ఆలస్యమవుతున్నా కదిలేవాడు కాదు. ఆయన తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఫిజీకి చెరుకు కొట్టడానికి వెళ్ళినవాళ్ళు. ఎనభై ఏడులో అక్కడ గొడవలయ్యాక ఈయన ఇక్కడికొచ్చాడు. తెలుగూ హిందీ కలిసిపోయిన భాష, మనసు మాత్రం పూర్తిగా రైతుది.

"చూడు బేటీ. మట్టి ఎటు పోస్తన్నాడో చూడు. మన వైపు. ఇయ్యాల మట్టి పోస్తాడు, రేపు అది గట్టవుతాది. ఎల్లుండి గట్టే హద్దంటాడు. మా నాన్న జిందగీ అంతా గట్టు కాడ కాపలాకే అయిపోయింది."

గట్టు తగాదా అంటే ఏమిటో మసూదాకి ఒకరు చెప్పాలా. మొగిలిచర్లలో వాళ్ళ మామ, పక్క పొలం వాడు గట్టు చెక్కాడని పదేళ్ళు కోర్టుకి తిరిగి, చివరికి ఆ గట్టు మీదే కూలబడి పోయాడు. కాబట్టి ఆమెకూ ఆ మట్టి మంచి మట్టిలా కనిపించలేదు. దొంగ అయితే మాత్రం ఇంత శ్రద్ధగా తవ్వుతాడా అని ఒకసారి అనుమానం వచ్చింది. శ్రద్ధగా తవ్వేవాడే దొంగ అని దాని వెనకే ఇంకో అనుమానం వచ్చింది.

భర్త బాసిత్‌కి ఇవేవీ పట్టలేదు. పగలు కారు విడిభాగాల గోడౌనులో పని, సాయంత్రం ఉద్యోగాలకి అప్లికేషన్లు. మనముండేది అంకుల్ ఇంట్లో, ఆయన ఏమంటే అదే అన్నాడు. వాళ్ళుండేది ఇల్లని కూడా అనలేం. ఒకప్పటి కారు షెడ్డుకి గోడలు పూసి, కిటికీ పెట్టి, గ్రానీ ఫ్లాట్ అని పేరు తగిలించారు. పడిపోయిన ఫెన్స్ గుంజలకి దాదాపు ఆనుకుని ఉంటుంది. గచ్చు నేలకి సమానం. మొన్న చలికాలం వానలకి వాగు పొంగి గదిలోకి నీళ్ళొస్తే ఇద్దరూ బకెట్లతో తోడి పోసుకున్నారు.

ఆ శుక్రవారం ఆమె బట్టలు ఆరేస్తుంటే ఒక గుంజ మీద బోర్లించిన మగవాళ్ళ చెప్పు కనిపించింది. బాసిత్‌దే. చలికాలం నుంచీ ఒంటి చెప్పు పెట్టుకుని రెండోదానికోసం వెతుకుతున్నాడు.

"మీ వారిదనుకుంటాను," అన్నాడు ఒసాగీ గట్టు అవతలి నుంచి. ఇద్దరి మధ్యా నడిచింది ఇంగ్లీషే. ఆ వాన తగ్గాక వాళ్ళ మెట్ల కింద దొరికిందట, ఫెన్స్ ఉండగా ఎలా ఇవ్వాలో తోచలేదట.

ఆమె థాంక్స్ చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు, ఏం తవ్వుతున్నారని అడిగింది. మిస్టర్ సామీకి చెబుదామనే ఆ రోజు వచ్చాను, ఇంట్లో లేరు అన్నాడతను. ఇంట్లో లేరు అన్న మాట చాలా మామూలుగా అన్నాడు. టీవీ గొంతు తగ్గడం బయటికి వినబడే ఉంటుందని ఆమెకి అప్పుడు తట్టింది. చెవులు వేడెక్కాయి. చేతిలో ఉన్న చొక్కాని మళ్ళీ ఒకసారి విదిలించింది.

ఒసాగీ పార మీద గడ్డం ఆనించి మాట్లాడాడు. వాళ్ళది నైజీరియాలోనే బెనిన్ నగరానికి అవతల, అడవిలో పల్లె. ఆ చుట్టుపక్కల ఎటు నడిచినా మట్టిగోడలూ, వాటి పక్కన లోతైన కందకాలూ. వాళ్ళ భాషలో ఇయా అంటారు. తెల్లవాళ్ళు రాకముందు, రాజ్యం పెద్దది కాకముందు నుంచీ ఊరూరా తవ్వుకున్నవి. ఒక ఊరి కందకం వెళ్ళి పక్క ఊరి కందకంలో కలుస్తుంది, అలా అడవంతా అల్లిక. కొన్ని చోట్ల అడుగున నిలబడి తలెత్తితే గట్టు మీద చెట్టు చిటారు కొమ్మ మాత్రమే కనిపిస్తుంది. యంత్రాల్లేవు. బుట్టలూ, చేతులూ, వేసవి కాలాలూ. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ అందులో దిగనిచ్చేది కాదట, పాములుంటాయని. ఇప్పుడు ఇళ్ళు కట్టుకోవడానికి జనం ఆ మట్టే తవ్వుకుపోతున్నారని చెబుతూ నవ్వాడు గానీ అది నవ్వు కాదు.

మసూదా కూడా మాట్లాడేసింది. ఓరుగల్లులో రాతికోట అవతల మట్టికోట ఉంటుందని, దాని చుట్టూ అగడ్త అనే నీళ్ళ కందకం ఉంటుందని, బడి ఎగ్గొట్టి ఆ మట్టికోట ఎక్కి దొర్లేవాళ్ళమని. ఇంగ్లీషులో ఆమె ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి చాలా రోజులైంది.

"మీ అగడ్త ఎటువైపు ఉండేది?" అన్నాడతను.

"బయట. మట్టికోట లోపలివైపు."

"మాదీ అంతే. తవ్వేవాడు మట్టిని తనవాళ్ళ వైపే పోస్తాడు. మనుషులు పోయి అడవి పెరిగినా, గట్టు ఎటువైపు ఉందో చూసి ఇల్లెటువైపో చెప్పొచ్చు."

రైలు వేళయిందని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పారమట్టా దాకా ఆ మాటే చెవిలో ఇల్లు కట్టుకుంది. తవ్వేవాడు మట్టిని తనవాళ్ళ వైపే పోస్తాడు. ఇతను పోసింది మా వైపు. అంటే మా వైపు తనదే అనుకుంటున్నాడన్నమాట. పేరూ ఊరూ మార్చి, నవ్వుతూ, ముందే చెప్పేశాడు. ఆఫీసులో ఎన్ని తెరలు చూసిందో! లోపం ఎప్పుడూ దాక్కోదు, ఎదురుగానే నిలబడి పలకరిస్తుంది. తను కనిపెట్టానన్న సంతోషం కూడా కొంచెం కలిగింది, దాచడమెందుకు.

మర్నాడు ఆ సంగతి మున్సామికి చెప్పింది.

ఆయన వినడం వినడమే కుర్చీలోంచి లేచాడు. సోమవారం కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మున్సిపాలిటీకి, ఫోను చేశాడు. బుధవారం మనిషొస్తుందని చెప్పారు. ఆ రాత్రి ఆమె ఆఫీసు నుంచి రాగానే ఆయన మసూదా ఇంటి గుమ్మంలోకి వచ్చి, కూర్చోకుండా, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బేటీ, పగలు ఇంటికాడ ఉండేదానివి నువ్వే. నువ్వు చెపితే నమ్ముతారు. వాడు పెగ్గు పీకేశాడు, నేను చూశాను అని చెప్పు. అంతే."

"ఏ పెగ్గు అంకుల్?"

"అదే, హద్దు పెగ్గు. వెనక మూల ఉండేది."

ఇంకేమీ చెప్పకుండా, చెబుతావుగా అన్నట్టు చూసి వెళ్ళిపోయాడు. మన ఊళ్ళో హద్దురాయి పాతినట్టు ఇక్కడ సర్వేవాళ్ళు తెల్లమూతి కర్రమేకు పాతుతారు, దాన్నే పెగ్గంటారు. ఇన్నాళ్ళూ మున్సామి ఫెన్స్ అన్నాడు, మట్టి అన్నాడు, గట్టు అన్నాడు. పెగ్గన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. ఎవరూ అడగని మాట మనిషి నోట్లోంచి తనంతట తాను వచ్చిందంటే దాన్ని ఇంకోసారి పరీక్షించమని ఆమె ఉద్యోగం నేర్పింది.

బాసిత్ ఉర్దూలో నెమ్మదిగానే చెప్పాడు. జనవరిలో నీ కాంట్రాక్టు అయిపోతుంది. నాది గోడౌను. ఈ గది పోతే ఎక్కడికెళతాం? ఒక్క మాట కదా. మసూదా గిన్నెలు కడగడానికి లేచింది. ఒక్క మాటే. పెగ్గు పీకడం ఈ దేశంలో నేరమని, పోలీసు వస్తే నర్సు ఉద్యోగం కూడా ఉండదని ఆమెకి తెలుసు. చెప్పకపోతే తమ నెత్తిన కప్పు ఉండదని కూడా తెలుసు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ రాత్రి ఆమెకి బాగా అర్థమైంది.

మంగళవారం పొద్దున మున్సామి ఫ్యాక్టరీకి, ఆంటీ బజారుకి వెళ్ళాక, మసూదా పెరట్లో నిలబడి ఆ కాలవని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. దారం పట్టి తవ్వింది కాబట్టి గీత గీసినట్టుంది. వెనక మూలకి వెళ్ళి కౌన్సిల్ మురుగు తూములో కలవాలి దాని దారి. అంత తిన్నగా వచ్చింది, తూముకి కొద్ది దూరంలో ఎందుకో పక్కకి వంగి, చుట్టు తిరిగి కలిసింది. వంగిన చోటుకి ఎదురుగా మున్సామి కరివేపాకు చెట్టు.

ఆ చెట్టు జోలికి ఎవర్నీ రానిచ్చేవాడు కాదు ఆయన. కరివేపాకు కావాలంటే తనే వెళ్ళి రెండు రెబ్బలు తుంచి తెచ్చేవాడు. సిడ్నీలో కరివేపాకంటే బంగారం కాబట్టి పిసినారితనం అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు చెట్టు కిందికి వంగి చూసింది. చెట్టు మొదట్లో ఉన్నది నల్లటి మట్టి. ఒక పక్క మాత్రం అరచేయంత మేర పసుపు కలిసిన ఎర్ర మట్టి, పార వీపుతో చరిచి చదును చేసింది. కాలవలోంచి వచ్చిన మట్టే. చెంచా తెచ్చుకుని తీసింది. కొంచెం లోతులో కర్రమేకు. మూతికి తెల్లరంగు, మధ్యలో చిన్న మేకు.

హద్దుకి రెండో గుర్తు వీధి వైపు ఉండాలి. ముందుకి వెళ్ళి వెతికితే, పేవ్‌మెంటు అంచున సిమెంటులో సర్వేవాళ్ళు ఉలితో చెక్కిన బాణం కనిపించింది. వెనక్కి వచ్చి, చెట్టు దగ్గర నిలబడి, ఒసాగీ చేసినట్టే ఒక కన్ను మూసి చూసింది. గీత ఫెన్స్ గుంజల మీదుగా పోలేదు. బాగా ఇవతలగా, తమ గది మీదుగా పోయింది. పొయ్యి ఉన్న గోడ ఒసాగీ వైపుకి వెళ్ళింది. మంచం కూడా.

ఆమె ఆ చెట్టు పక్కనే కూర్చుండిపోయింది. మున్సామి ఫెన్స్ వేసుకున్న రోజున మంచం వెడల్పు నేల జరుపుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది ఆయనే. అది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అర్థం కానిది ఇంకొకటి. ఒసాగీ పారకి పెగ్గు తగిలింది. అతను చూశాడు, కప్పెట్టాడు, కాలవ పక్కకి తిప్పాడు. తన నేల ఎక్కడిదాకా ఉందో తెలిసీ నోరెత్తలేదు. ఎందుకు? దేనికోసం దాచుకుంటున్నాడు? మేలు చేసేవాడు ఇంత చప్పుడు లేకుండా చేస్తాడా? మట్టి తిరిగి కప్పేసి చేతులు కడుక్కుంది. ఆ రోజు ఆఫీసులో ఆమె పట్టుకోవలసిన తప్పు ఒకటి చూడకుండా వదిలేసింది.

బుధవారం కౌన్సిల్ ఆవిడ వెడల్పు అంచు టోపీ పెట్టుకుని వచ్చింది. మున్సామి తెల్లచొక్కా వేసుకుని ముందు నడిచాడు. ఎంతసేపూ చెయ్యి గట్టు వైపే చూపించాడు గానీ మూల వైపు తిప్పలేదు. పక్కవాడు హద్దు దాటి మట్టి పోశాడని, గట్టు పెట్టి నేల కాజేసే ఎత్తని, పెగ్గు కూడా పీకేశాడని, చూసిన సాక్షి ఉందని చెప్పాడు.

ఒసాగీ నర్సు బట్టల్లోనే ఉన్నాడు, నిద్ర లేని కళ్ళు. తవ్వేటప్పుడు పెగ్గు ఏమైనా కనిపించిందా అని ఆవిడ అతన్ని అడిగింది. మసూదా అతని మొహం వైపే చూస్తోంది. ఇదిగో, ఇప్పుడు బయటపెడతాడు అనుకుంది. దాచుకున్నది దీనికే. మున్సామి మెడ మీద చెమట కారుతోంది.

ఒసాగీ కరివేపాకు చెట్టు వైపు చూడలేదు. మున్సామిని చూశాడు. తర్వాత గ్రానీ ఫ్లాట్ గోడ వైపు ఒకసారి చూశాడు.

"లేదు," అన్నాడు. "నా పారకి ఏదీ తగల్లేదు."

మసూదా గట్టు వైపు తిరిగి చూసింది. ఇన్నాళ్ళూ కిటికీలోంచి చూసింది గట్టునే, గట్టుకి ఇవతల ఎవరున్నారో చూడలేదు. ఇవతల ఉన్నది తమ గది. అవతల, కాలవ వైపు, వాగు వైపు, అతని ఇల్లు. అతని ఇంటికి ఇటుక స్తంభాలున్నాయి, నీళ్ళొస్తే కిందినుంచి పోతాయి. తమ గచ్చుకి ఏమీ లేదు. అతను తవ్విన మట్టిని అతని నాయనమ్మ ఊళ్ళో పోసినట్టే పోశాడు. లోపల ఎవరుండాలనుకున్నాడో వాళ్ళ వైపు.

కౌన్సిల్ ఆవిడ ఆమె వైపు తిరిగి, మీరేం చూశారు అని అడిగింది. మున్సామి చూపు ఆమె చెంప మీద ఉన్నట్టే తెలుస్తోంది.

"గొయ్యి ఆయన తన వైపు తవ్వుకున్నాడు. గట్టు మా వైపు పోశాడు," అంది మసూదా. "వాగు పొంగితే నీళ్ళు ఆయన యార్డులో నిలుస్తాయి, నా మంచం కిందికి రావు. నేను చూసింది అంతే. పెగ్గు పీకడం నేను చూడలేదు."

ఆవిడ గట్టు మీద కాలితో నొక్కి చూసింది. ఇంత తక్కువ ఎత్తుకి అభ్యంతరం లేదంది, మట్టి జారకుండా గడ్డి పరచమంది. హద్దు తేలాలంటే సర్వేయరుని పిలిపించుకోండి, పెగ్గు వాళ్ళే వెతికి పడతారని మున్సామితో చెప్పింది. అక్కర్లేదని ఆయన చాలా తొందరగా అన్నాడు.

కారు వెళ్ళిపోయాక మున్సామి గ్రానీ ఫ్లాట్ గుమ్మం దాకా వచ్చాడు. జనవరిలో వేరే ఇల్లు చూసుకోండి అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మసూదా దీనికి సిద్ధపడే ఉన్నాననుకుంది గానీ విన్నాక జనవరికి ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకుంది. బాసిత్‌కి ఏం చెప్పాలి? అయినా ఇక పోయేదేముంది.

"అట్లనే అంకుల్, చూసుకుంటం. ఒక్క మాట మాత్రం వినుండ్రి. కరివేపాకు చెట్టు కింద ఉన్నది ఆయన చూసిండు. మళ్ళ మట్టి కప్పిండు. కొత్త మట్టి, పోయి చూస్కోండ్రి. ఈ గది సగం తనదని తెలిసే, చూడలేదని చెప్పిండు."

మున్సామి ఏ చెట్టు అని అడగలేదు. చెయ్యి గోడకి ఆనించి, అది ఎవరి గోడో అప్పుడే గుర్తొచ్చినట్టు తీసేశాడు. తల వంచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆయన ఇంట్లో టీవీ చప్పుడు వినపడలేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేముందు, రంజాను వంటల్లో మసూదా పకోడీలు రెండు పళ్ళాల్లో పెట్టింది. ఇన్నాళ్ళూ ఒక్క పళ్ళెమే పెట్టి, మున్సామి వాళ్ళకే పంపేది. మట్టెవాడలో వాళ్ళమ్మ ఏనాడూ ఒక్క గడప కూడా తప్పించలేదు. అది ఇన్ని రోజులూ గుర్తు రానందుకు సిగ్గేసింది. ఇందిరా ఆంటీ పళ్ళెం అందుకుని వెంటనే లోపలికి వెళ్ళిపోయింది. ఒసాగీ మాత్రం ఇందులో పచ్చిమిరపకాయలుంటాయా అని అడిగాడు.

వాన శనివారం తెల్లవారకముందే మొదలైంది. కప్పు రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు. వెలుగొచ్చాక బాసిత్, మసూదా బకెట్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. వాగు ఒడ్డు దాటి ఒసాగీ యార్డంతా ఆక్రమించింది. అతని ఇంటి మెట్లు మునిగాయి. కాలవ నిండి, తూము వైపు సుడులు తిరుగుతూ పోతోంది. గట్టుకి ఇవతల గడ్డి తడిసింది, అంతే. వాళ్ళ గచ్చు మీదికి చుక్క రాలేదు. బాసిత్ చేతిలో బకెట్టు కింద పెట్టి, రెండు చెప్పులూ తొడుక్కుని నిలబడ్డాడు.

అప్పుడు మున్సామి పెరటి తలుపు తీసుకుని వచ్చాడు. ప్లాస్టిక్ కోటు, చేతిలో పార. మసూదా గట్టు తెగ్గొట్టడానికే అనుకుంది. అలవాటు పడిన మనసు వేరే ఇంకేమనుకుంటుంది? బాసిత్‌ని భుజం పట్టి ముందుకి తోసింది. కానీ ఆయన గట్టు దగ్గరికి రాలేదు. కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్ళాడు. వంగి, చెట్టు మొదట్లో మట్టి తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని మిగతాది చేత్తో తోడాడు. పెగ్గు చుట్టూ గుంట చేసి, తెల్లమూతి పైకి కనిపించేలా వదిలి లేచాడు. వాన దాన్ని కడుగుతోంది.

పార చెట్టుకి ఆనించి ఆయన గట్టెక్కాడు. కాలు జారి ఒక చెయ్యి మట్టిలో పెట్టాడు, లేచాడు, అవతలికి దిగాడు. కాలవ దాటేటప్పుడు నడుము దాకా మునిగాడు. ఒసాగీ యార్డులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళి, మునిగిన మెట్లు తడుముకుంటూ ఎక్కి, వెనక తలుపు ముందు నిలబడ్డాడు. మట్టి చేతిని కోటుకి తుడుచుకున్నాడు. తట్టాడు.

లోపల దీపం ఉంది. రేడియో ఏదో మోగుతోంది. మసూదా గుమ్మంలోంచి చూస్తూ ఊపిరి బిగబట్టింది. రేడియో గొంతు తగ్గుతుందేమోనని చెవి రిక్కించింది. తగ్గలేదు. కర్టెన్ కదల్లేదు. ఎవరని అడగలేదు. ఒసాగీ వచ్చి తలుపు తీశాడు.